చిల్లర పోరును, స్మార్టు కార్డును

కరీంనగరము, ఆదిలాబాదు సీమలలో పల్లె వెలుగు బస్సు నెక్కు ప్రతివారికిని తెలిసిన వ్యవహార మొకటి కలదు. ప్రయాణికుడు 100 రూపాయల నోటు నిచ్చును. టిక్కెట్టు వెల 20 రూపాయలు. కండక్టరు సంచిలో చిల్లర యుండదు. ఆయన టిక్కెట్టు వెనుక 80 అని వ్రాసి, దిగునప్పుడు తీసికొమ్మనును. దిగు తొందరలో, చంకనున్న బిడ్డతోను నెత్తిమీది మూటతోను సతమతమగుచు, మరచువారు మరతురు, అడుగువారు అడుగుదురు, అడిగినను చిల్లర దొరకక, ఇరువురికి కలిపి యొక నోటిచ్చి మీలో మీరు పంచుకొనుడని దింపబడువారును కలరు. ఆ యిరువురును ఒకరినొకరు ఎరుగరు. ఊరి మొగమున నిలిచి చిల్లర కొరకు కొట్టు కొట్టునకు తిరుగుదురు.

ఇందు కండక్టరు దోషమును పెద్దగా ఎన్నవలసిన పని లేదు. తెల్లవారుజామున తొలి ట్రిప్పులో ఎక్కినవారందరును పెద్ద నోట్లే చాచినచో ఆయన మాత్రము చిల్లర నెక్కడనుండి తెచ్చును? ఈ బాధ యెంతటిదో సంస్థకును తెలియును. 2022వ సంవత్సరమున పల్లె వెలుగు ఛార్జీలను చిల్లర చిక్కు తగ్గునట్లు సరిచేసి, ఐదు రూపాయల లెక్కలోనికి తెచ్చిరి. చిల్లర లేమి దేశములో ధరలనే మార్చినదన్నమాట! సొంత మోటారు గలవారికిది నవ్వులాటగ తోచవచ్చును. రోజు కూలికై మంచిర్యాలకో పెద్దపల్లికో పోవువానికి 10 రూపాయలు నవ్వులాట కాదు. ఒక పూట చాయి, బిడ్డకు ఒక బిస్కత్తు పొట్లము.

ఈ కలహమునకు మందుగా ఇప్పుడు రెండు సాధనములు ముందుకు వచ్చినవి. ఒకటి చేతి ఫోను. రెండవది యంత్రమునకు తాకించిన చాలు, సొమ్ము చెల్లిపోవు స్మార్టు కార్డు. వీనిని యుగపరివర్తనమని పొగడువారును, పల్లెవాని మెడకు మరియొక ఉరి యని తెగడువారును కలరు. రెండును తొందరపాటు మాటలే. కార్డు రావలెననియే మా అభిప్రాయము. అయితే అది ప్రజల షరతులపై రావలెను గాని, ప్రజలు దాని షరతులకు లోబడరాదు. ఆ షరతు లెట్టివో తెలియుటకు ముందు, ఈ సీమ తన పూర్వానుభవమును కొంచెము తలచుకొనుట మేలు.

హాలీ, కల్దారుల పాఠము

మన ప్రాంతమున ప్రభుత్వపు బస్సు పుట్టినది 1932లో. నిజాము రాష్ట్ర రైల్వేవారు తమ శాఖగా రోడ్డు రవాణాను నెలకొల్పినప్పుడు 27 బస్సులును, 166 మంది ఉద్యోగులును మాత్రమే యుండిరి. 1951 నవంబరులో ఆ శాఖ హైదరాబాదు ప్రభుత్వము క్రిందికి వచ్చెను. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ సంస్థగా మారెను. రాష్ట్రవిభజన తరువాత తెలంగాణ సంస్థ యయ్యెను. పేర్లు మారినను బండి ప్రజలదే, నష్టభారమును ప్రజలదే.

ఆ తొలి బస్సులలో టిక్కెట్టుకు చెల్లిన నాణెము ఉస్మానియా సిక్కా, అనగా హాలీ రూపాయి. ఆంగ్లేయుల రూపాయిని కల్దారనిరి. సుమారుగ ఆరు కల్దార్లకు ఏడు హాలీలు. ఆదిలాబాదునుండి పెన్‌గంగ దాటి బేరారులోనికిగాని, ప్రాణహిత దాటి సిరోంచకుగాని పోవు రైతు సరిహద్దున హాలీని కల్దారుగ మార్చుకొనవలసి వచ్చెడిది. మార్పిడిలో కొంత సాహుకారునకు రాలెను. ఇవతలి గట్టున చెల్లు రూపాయి అవతలి గట్టున లోహపు బిళ్ళయే. 1950వ దశాబ్దిలో హాలీ చెలామణి ముగిసి దేశమంతటికి ఒకే నాణెము వచ్చినప్పుడు, 1957 ఏప్రిల్ 1నుండి అణాలు పోయి నయాపైసలు వచ్చినప్పుడు, మన పెద్దలు కొన్నాళ్ళు లెక్క తప్పి తడబడిరి. కాని సరిహద్దున తరుగు మాత్రము తప్పినది.

ఈ పాఠము కార్డు విషయమున అక్షరాల వర్తించును. మెట్రోకు ఒక కార్డు, మన రాష్ట్రపు బస్సుకు మరియొకటి, చంద్రపురమునకో నాందేడునకో పోవు మహారాష్ట్ర బస్సుకు ఇంకొకటి అయినచో, పోయిన హాలీ కల్దారులను మరల పిలిచి పీటవేసినట్లే యగును. ఈ చిక్కు నెరిగియే కేంద్రప్రభుత్వము 2019 మార్చి 4న, జాతీయ ప్రయాణకార్డును ప్రారంభించినది. రూపే పద్ధతిపై బ్యాంకులు ఇచ్చు ఆ కార్డు ఏ నగరమున బస్సుకైనను, మెట్రోకైనను, దుకాణమునకైనను ఒక్కటే పనికిరావలెనని సంకల్పము. సంకల్పము మంచిది. ఏ సంస్థ కా సంస్థ సొంత కార్డు అచ్చువేయించుకొన చూచినచో, ఈ సరిహద్దు జిల్లాలవారే మొదట అడ్డు చెప్పవలెను. ఏలయన మార్పిడి తరుగు రుచి వారికి తెలిసినంతగ రాజధానివారికి తెలియదు.

ఫోను వేరు, కార్డు వేరు

ఫోనుతో చెల్లించుటయు, కార్డు తాకించుటయు ఒకటే యని చాలమంది భ్రమపడుచున్నారు. 2016 ఏప్రిల్‌లో యూపీఐ పద్ధతి వచ్చినది. ఆ యేడు నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు జరిగినది. నేడు కరీంనగరు టవర్ సర్కిలున కూరల బండివాడును గీతల చతురమును వ్రేలాడదీసికొనియున్నాడు. అందుచే బస్సులోను ఫోను చాలునని తోచుట సహజము. కాని ఫోను చెల్లింపు జరుగు తీరును గమనింపుడు. ప్రయాణికుని ఫోనునుండి వార్త అతని బ్యాంకునకు పోవలెను. అచ్చట సొమ్ము తగ్గవలెను. సంస్థ బ్యాంకున చేరవలెను. చేరినదన్న వార్త కండక్టరు యంత్రమునకు రావలెను. ఇంత రాకపోకలును ఆకాశమార్గముననే. ఉభయులకును సిగ్నలు ఉండవలెను. సొమ్ము తగ్గి, యంత్రమునకు వార్త రానిచో, ప్రయాణికుడు ఇచ్చితిననును, కండక్టరు రాలేదనును. ఇరువురును సత్యమే పలుకుదురు, బస్సు మాత్రము కదలదు.

స్మార్టు కార్డు మార్గము వేరు. దానిలో బ్యాటరీ లేదు. అంచుల వెంబడి సన్నని తీగచుట్ట కలదు, నడుమ గోరంత చిప్పు కలదు. యంత్రము తన చుట్టును అయస్కాంత క్షేత్రమును వెదజల్లుచుండును. కార్డు కొన్ని అంగుళాలలోనికి వచ్చినంతనే, 1831లో ఫారడే కనిపెట్టిన ప్రేరణ సూత్రము చొప్పున ఆ తీగలో విద్యుత్తు పుట్టి, చిప్పు మేలుకొనును. తన రహస్య సంకేతముతో యంత్రమునకు తన్ను నిరూపించుకొనును. నిలువలోనుండి టిక్కెట్టు వెల తగ్గించి మరల నిద్రించును. ఇదంతయు అర సెకనులోపల ముగియును. నిలువ సొమ్ము కార్డులోనే యుండు పద్ధతియైనచో, ఆ క్షణమున బ్యాంకుతో మాటలాడ పనిలేదు; బస్సు రాత్రి డిపోకు చేరిన తరువాత యంత్రము తన లెక్కను అప్పగించును.

ఈ భేదము హైదరాబాదున చర్చావిషయము. ఉట్నూరు, జైనూరు, కెరమెరి, తిర్యాణి అడవులలో ప్రాణావసరము. కొండమలుపు తిరిగినంతనే సిగ్నలు తెగు త్రోవలలో, ఫోనుపై మాత్రమే ఆధారపడు ఏర్పాటు ఒక గంటయైనను నిలువదు. కావున ఆదిలాబాదు అడవులలో పనిచేయు ఏర్పాటునే ముందుగ ఎన్నుకొనవలెను. అది కరీంనగరు స్మార్టు నగరమున తప్పక పనిచేయును. నగరమున పనిచేసినది అడవిలో పనిచేయునని మాత్రము ఎవ్వరును హామీ యీయలేరు. రాజధానిలో కుట్టించిన అంగీని పల్లెకు తొడుగు పాతయలవాటు ఇకనైన పోవలెను.

పరదేశముల అనుభవము

ఇది క్రొత్త విద్య కాదు. హాంకాంగులో ఆక్టోపస్ కార్డు 1997లోనే వచ్చినది. లండనున ఆయిస్టరు కార్డు 2003లో వచ్చినది. 2012 డిసెంబరునుండి అచ్చటి బస్సులలో సాధారణ బ్యాంకు కార్డునే తాకింపవచ్చునని యేర్పరచిరి. 2014 జూలై 6నుండి లండను బస్సులలో నగదు తీసికొనుట మానిరి. ఈ తుదిమాటనే మనవారు కొందరు గొప్పగ చెప్పుకొందురు. కాని ఆ నాటికి నగదిచ్చి యెక్కువారు నూటికి ఒకరికంటె తక్కువయైరని చెప్పరు. జనము తమంతట తాము నాణెమును విడిచిన తరువాత సంస్థ విడిచినది. ముందు సంస్థ విడిచి, జనమును విడువుమని గెంటుట లండను పద్ధతి కాదు.

సింగపూరు కథ ఇంకను బోధప్రదము. పాత కార్డులను 2024 జూన్ 1నుండి మానిపించి, అందరిని క్రొత్త పద్ధతికి మార్చెదమని అచ్చటి అధికారులు ఆ యేడు జనవరిలో ప్రకటించిరి. క్రొత్త పద్ధతిలో, తాకించినప్పుడు ఎంత తగ్గినది, ఎంత మిగిలినది యంత్రముపై కనబడదు. జనము మండిపడిరి. రెండు వారములు తిరుగకమునుపే ప్రభుత్వము వెనుకకు తగ్గి, పాత పద్ధతిని నిలుపుటకై అదనముగ 4 కోట్ల సింగపూరు డాలర్లు వ్యయముచేయ నొప్పుకొనెను. అక్షరాస్యతలోను ఐశ్వర్యములోను అంతటి నగరమే, నా సొమ్ము ఎంత తగ్గినదో నా కంటికి చూపుమని పట్టుపట్టినది. టిక్కెట్టు వెనుకనున్న 80 అను అంకెకు అలవాటుపడిన మన రైతు, కంటికి కనబడని లెక్కను నమ్మవలెననుట న్యాయమా?

పరదేశములనగా మన జిల్లాలకు దూరమైన మాటయు కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మలు గ్రామములనుండి గల్ఫునకు పోయిన శ్రామికులు వేలకు వేలు. దుబాయిలో 2009 సెప్టెంబరున మెట్రో ప్రారంభమైననాటినుండి నోల్ అను కార్డు వాడుకలో నున్నది. అక్కడ కట్టడపు పనిచేసి వచ్చిన మనవారికి కార్డు తాకించుట బీడీ ముట్టించినంత సులువు. పల్లెవానికి ఈ విద్య పట్టుబడదనువారు ఆ పల్లె గడపలనే ఎరుగరు. పల్లెవానికి కావలసినది విద్య కాదు, నమ్మకము.

స్త్రీల టిక్కెట్టు

2023 డిసెంబరు 9నుండి తెలంగాణమున మహాలక్ష్మి పథకముక్రింద స్త్రీలు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రాష్ట్రములోపల ఉచితముగ ప్రయాణించుచున్నారు. కండక్టరు వారి గుర్తింపు కార్డు చూచి సున్న టిక్కెట్టు కొట్టి యిచ్చును. ఆ టిక్కెట్ల లెక్కనుబట్టి ప్రభుత్వము సంస్థకు సొమ్ము చెల్లింపవలెను. అనగా సున్న టిక్కెట్టు పేరునకు సున్న గాని ఖజానాకు సున్న కాదు. ఎక్కని మనిషికి టిక్కెట్టు కొట్టినను, ఎక్కిన మనిషికి కొట్టకున్నను ప్రజల సొమ్ము లెక్క చెడును. కిక్కిరిసిన బస్సులో నూరుమందికి ఒక్కొక్కరి ఆధారు చూచి, ఒక్కొక్క చీటి చింపి యిచ్చుట కండక్టరునకు కఠినశిక్ష. స్త్రీలకు ఇందుకై కార్డు లిచ్చెదమని ప్రభుత్వము పలికియున్నది. అది జరిగినచో, తాకింపుతో టిక్కెట్టు వచ్చును, లెక్క సరియగును, కండక్టరునకు ఊపిరాడును. ఇంతవరకు మేలే.

ఇచ్చటనే అసలు ప్రశ్న పుట్టుచున్నది. ప్రతి స్త్రీ కార్డు ఆమె పేరుతో ముడిపడియుండి, ఎక్కినచోటు, దిగినచోటు, వేళ అన్నియు ఒక గ్రంథమున చేరినచో, ఆ గ్రంథము ఎవని చేతిలో నుండును? పుట్టింటికి ఎన్నిమారులు పోయినది, ఏ ఆసుపత్రి యెదుట దిగినది, ఏ న్యాయవాది ఊరికి పోయినది అను వార్తను అడుగ వచ్చువారు అధికారులు మాత్రమే కారు; భర్తలును, వడ్డీవ్యాపారులును, వోట్ల కాలమున పార్టీవారును వత్తురు.

పేరులేని ముద్ర

మన ప్రాచీనులు ఈ సమస్య నెరుగనివారు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నావధ్యక్షుడను అధికారి రేవులలో నది దాటువారివద్ద సుంకము గ్రహించును. చిన్న పశువునకును, బరువుతో దాటు మనుష్యునకును ఒక మాషము. కాని బాలురు, వృద్ధులు, రోగులు, గర్భిణులు మొదలగువారు అధ్యక్షుని ముద్ర చూపి ఉచితముగ దాటవచ్చునని విధించినాడు. ముద్ర చూపిన చాలును. గూఢచారులకు అంతటి పెద్దపీట వేసిన ఆ శాస్త్రకారుడే, రేవు దాటు గర్భిణిని ఎవరి కోడలవు, ఏ యూరికి పోవుచున్నావని వ్రాసికొమ్మనలేదు. అర్హత నిరూపించుటవేరు, మనిషి అడుగుజాడలను లిఖించుట వేరు. నేటి కార్డునకును ఇదియే ధర్మము కావలెను.

చట్టమును ఇందుకు దారి యిచ్చియే యున్నది. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. వ్యక్తిగత సమాచార రక్షణకు పార్లమెంటు 2023లో చట్టము చేసినది. 2024 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు, ప్రయాణమునకు మాత్రమే పనికివచ్చు ముందు చెల్లింపు కార్డులను గుర్తింపు పరీక్ష లేకయే ఈయవచ్చుననియు, అందు 3,000 రూపాయలకు మించి నిలువ యుండరాదనియు ఆదేశించినది. అనగా ఛార్జీ చెల్లించి పోవువాడు సంతలో దారపు కండె కొన్నట్లు, పేరు చెప్పక కార్డు కొనవచ్చును. ఉచితప్రయాణపు కార్డునకు అర్హత చూచుట తప్పదు. అది కార్డు ఇచ్చునాడు ఒక్కమారు చూచిన చాలును. దినదిన ప్రయాణమును పేరుతో దాచ నవసరము లేదు. ఎందరు ఎక్కిరన్న లెక్క ఖజానాకు కావలెను. ఎవరెక్కిరన్నది ఖజానాకు పనిలేదు.

చవుక కార్డుల విషయమున మరియొక హెచ్చరిక. లండను ఆయిస్టరు కార్డులలో నాడు వాడిన చిప్పు రహస్య సంకేతమును 2008లో డచ్చి విశ్వవిద్యాలయపు పండితులు ఛేదించి చూపిరి. టెండరులో తక్కువ ధర పలికినవానికే తాళమును అప్పగించు మన ఆచారము ఇచ్చట పనికిరాదు.

నాణెమునకు గౌరవము

కార్డు వచ్చిన తరువాతను నాణెము నిచ్చువానిని బస్సునుండి దింపరాదు. 2011నాటి నాణెముల చట్టము ప్రకారము రూపాయియు అంతకు మించిన నాణెములును 1,000 రూపాయల మొత్తమువరకు చెల్లుబాటగు ద్రవ్యము. దేశపు ముద్రగల నాణెమును దేశపు బస్సు నిరాకరించుట వింతలలో వింత. సంతకు కట్టెలమోపో ఇప్పపూవో తెచ్చి అమ్మిన గోండు ముదుసలికి చేతిలోనికి వచ్చునది నోటును నాణెమునే. ఆమె కార్డు తీసికొనుట ఆమె ఇష్టము.

కండక్టరు పదవి ఊడునను భయమును కూడ దాచిపెట్ట పనిలేదు. పల్లె బస్సున కండక్టరు టిక్కెట్టు కొట్టు యంత్రము కాడు. అంధుని చేయిపట్టి దింపువాడు, తాగి తూలువానిని సర్దిచెప్పువాడు, మూటలు పైకెత్తువాడు, ఊరి వార్త ఊరికి చేర్చువాడు. చిల్లర పోరునుండి ఆయనను విడిపించుట ఆయనను ఇంటికి పంపుటకు కాక, ప్రయాణికుని చూచుకొనుటకు తీరిక కల్పించుటకు కావలెను.

చేయవలసిన పని

కావున మేము కోరునది యేమనగా: కార్డు రాష్ట్రపు సరిహద్దులకు అవతలను చెల్లవలెను. సిగ్నలు లేనిచోటను పనిచేయవలెను. తాకించిన ప్రతిసారి, తగ్గినదెంత, మిగిలినదెంత తెలుగు, ఉర్దూ, మరాఠీ లిపులలో కనబడవలెను, చదువనివారికి గోండీలోను వినబడవలెను. అడిగినవారికి కాగితపు చీటి చేతికి రావలెను. కార్డు నింపుకొనుటకు జిల్లాకేంద్రమునకు పోనక్కరలేక, తపాలా కార్యాలయమునను, స్త్రీల పొదుపు సంఘముచేతను, కిరాణా దుకాణమునను వీలుండవలెను. పోయిన కార్డులోని సొమ్మునకు జవాబుదారి యెవరో ముందే తేలవలెను. నాణెము చెల్లవలెను. ప్రయాణికుని పేరు మరుగున నుండవలెను.

పరీక్షకు స్థలమును మన సీమలోనే కలదు. వేములవాడ శివరాత్రికి, బాసర వసంతపంచమికి, కేస్లాపూరు నాగోబా జాతరకు వచ్చు జనసందోహము కంటె కఠినమైన పరీక్ష ఏ కార్డునకును ఉండదు. ఆ గుంపులో నెగ్గినది ఎక్కడనైన నెగ్గును.

ఈ పత్రిక చదువు భూస్వాములును, పట్టణవాసులును తమకేల యని యూరకుండరాదు. సొంత వాహనము గలవాని గొంతుకయే సంస్థవారి చెవికి త్వరగ చేరును. బస్సు నెక్కువాని గొంతుక ఇంజను మ్రోతలో కలిసిపోవును. గ్రామసభలో, పురపాలకసంఘములో, డిపో అధికారి యెదుట ఈ షరతులను పలుకుట వారి విధి. యంత్రములు కొని, ఒప్పందములు వ్రాసిన తరువాత మొరపెట్టిన ఫలమేమి? ఒప్పందమునకు ముందు అడిగినమాట షరతగును. తరువాత అడిగినది విన్నపమగును. విన్నపములు వ్రాసి వ్రాసి ఈ సీమ చాలకాలము వేచినది. ఇప్పుడు షరతులు పలుకవలసిన వేళ వచ్చినది.